18 మి.మీ. ఎండీఎఫ్ స్పీకర్ పెట్టెల మీద టేకు వినీర్: అతుకు గీతలు బయటపడకుండా ఎలా?

తీగమోత:

అందరికీ నమస్కారం. లోతు స్వరాలకు 6.5 అంగుళాల వూఫర్, సన్నటి స్వరాలకు 1 అంగుళం డోమ్ ట్వీటర్‌తో టూవే స్పీకర్ల జత కట్టబోతున్నాను. లెక్కలు అయ్యాయి, పలకలు ఇంకా కోయలేదు. రంపం పెట్టేముందే తప్పులుంటే తెలిస్తే మంచిదని ఇక్కడ పెడుతున్నాను.

బయటి కొలతలు ఎత్తు 380, వెడల్పు 210, లోతు 290 మి.మీ. అన్నీ 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే) పలకలే. ముందు, వెనక పలకలు 380 × 210. పక్క పలకలు 380 × 254. పైదీ కిందదీ 174 × 254. పై, కింద పలకలు పక్క పలకల మధ్య ఇరుక్కుంటాయి. ముందు, వెనక పలకలు ఆ చట్రం మీద మూతల్లా కూర్చుంటాయి. లోపలి కొలత 344 × 174 × 254, అంటే 15.2 లీటర్లు. వూఫర్, పోర్టు గొట్టం (పెట్టె గాలి బయటికి ఊగే దారి), బ్రేసు (లోపలి అడ్డపలక), క్రాసోవర్ (స్వరాలను వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్) కలిసి 1.2 లీటర్లు మింగుతాయనుకుంటే నికరం 14 లీటర్లు. పోర్టు ట్యూనింగ్ (గొట్టంలో గాలి మోగే స్వరం) 45 హెర్ట్జ్. 50 మి.మీ. లోవ్యాసం ఉన్న గొట్టానికి 171 మి.మీ. పొడవు వచ్చింది. దాన్ని వెనక పలకలో పెడతాను.

పైన 0.6 మి.మీ. టేకు వినీర్ (పల్చటి చెక్క పొర) వేయాలి. వెనక కాగితం, గుడ్డ ఏమీ అంటించని పచ్చి వినీర్. ముందు పలక నిలువు అంచులు రెండూ 12 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేయాలని ఉంది.

నా సందేహాలు నాలుగు. ఇలా పలక మీద పలక ఆనించి అంటిస్తే కొన్ని నెలలకు అతుకు గీత వినీర్ పైకి కనబడుతుందంటారు, దానికి అసలు కారణం ఏమిటి, 45 డిగ్రీల మూలకోత ఒక్కటే మార్గమా? వినీర్‌కు ఇస్త్రీపెట్టెతో కరిగించే తెల్ల జిగురు మేలా, రబ్బరు జిగురా? డ్రైవర్ల (వూఫర్, ట్వీటర్ల) బెజ్జాలు వినీర్‌కు ముందు కోయాలా, తర్వాతా? 12 మి.మీ. వంపు మీద పచ్చి వినీర్ పగలకుండా తిరుగుతుందా?

మూలమట్టం:

మీ కొలతలు సరిగ్గానే ఉన్నాయండి. అతుకు గీత సంగతి నేను చెబుతాను. దీని మీద సగం సగం సలహాలే ఎక్కువ తిరుగుతుంటాయి.

ఎండీఎఫ్ అన్ని దిక్కులా ఒకేలా కదలదు. గాలిలో తేమ పెరిగితే పొడవు, వెడల్పుల్లో దాదాపు కదలనట్టే ఉంటుంది కానీ మందంలో ఉబ్బుతుంది. ఇప్పుడు మీ పెట్టె పక్క ముఖం చూడండి. ముందు నుంచి 18 మి.మీ. దాకా కనబడేది ముందు పలక అంచు. ఆ తర్వాతిది పక్క పలక ముఖం. వానాకాలంలో పక్క పలక తన మందంలో బయటికి ఉబ్బుతుంది. పక్కనే ఉన్న ముందు పలక అంచుకు ఆ దిక్కు వెడల్పు దిక్కు కాబట్టి అది కదలదు. రెంటి మధ్య వెంట్రుకవాసి మెట్టు లేస్తుంది. కంటికి ఆనదు కానీ పక్కనుంచి వెలుతురు పడితే 18 మి.మీ. దగ్గర నిలువు గీతలా కనబడుతుంది. మూలకోతలో రెండు పలకలూ మూలలోనే కలుస్తాయి, ముఖం మధ్యలో అతుకే ఉండదు. అందుకే అక్కడ గీత రాదు. జిగురు బలంతో దీనికి సంబంధం లేదు. ఎంత గట్టిగా అంటించినా ఈ కదలిక ఆగదు.

రెండో కారణం మన చేతిలో ఉన్నది, నిజానికి ఎక్కువ పెట్టెలు పాడయ్యేది దీనివల్లే: తొందర. పీవీఏ తెల్ల జిగురులో సగం దాకా నీళ్లే. అంచు ఆ నీళ్లను పీల్చి అతుకు చుట్టూ ఉబ్బుతుంది. 24 గంటల్లో జిగురు గట్టిపడుతుంది, అది నిజమే. కానీ లోపలికి పోయిన నీరు వెళ్లిపోవడానికి రోజులు పడుతుంది. మర్నాడే సాండ్‌పేపర్ పట్టి సమం చేస్తే మీరు సమం చేసింది ఉబ్బిన ఎండీఎఫ్‌ని. వారం తర్వాత అది తగ్గి అతుకు వెంట గుంట పడుతుంది. అప్పటికే వినీర్ వేసి ఉంటే అదీ ఆ గుంటలోకి దిగుతుంది.

అందుకని అంటించాక కనీసం వారం, వానాకాలమైతే రెండు వారాలు గాలి ఆడే చోట వదిలేయండి. ఆ తర్వాతే అంచులు ట్రిమ్ చేయడం, లప్పం, సాండింగ్. ఈలోగా క్రాసోవర్ పని చేసుకోవచ్చు.

మూలకోతకు నేను పట్టుబట్టను. పచ్చి టేకు మీద మెరుపు తక్కువ ఉన్న ఫినిష్ వేస్తే ఆనించిన అతుకూ చాలు. చెక్క చారలే ఆ చిన్న మెట్టును మింగేస్తాయి. అద్దంలా మెరిసే పెయింటు వేసేవాళ్లకు మాత్రం ఇది నిజమైన సమస్య. మూలకోతలో 45కు బదులు 44.5 పడిందంటే నాలుగు మూలలూ కలిసేసరికి సందు నోరు తెరుస్తుంది. రంపపు బల్ల మీద కోణం పక్కాగా నిలబెట్టగలిగితేనే దాని జోలికి వెళ్లండి.

ఇక కోత. ముందు, వెనక పలకలను 382 × 212 కోయండి, అంటే చుట్టూ 1 మి.మీ. ఎక్కువ. పెట్టె ఆరాక బేరింగ్ ఉన్న ట్రిమ్ బిట్టుతో రౌటర్ (తిరిగే బిట్టుతో చెక్కను చెక్కే యంత్రం) తిప్పితే పక్క పలకలతో సమానం అవుతాయి. సరిగ్గా 380 × 210 కోసి సరిగ్గా అంటించాలని చూస్తే, క్లాంపు బిగించగానే జిగురు మీద పలక జారి ఒక వైపు అర మి.మీ. లోపలికి పోతుంది. లోపలికి పోయింది సరిచేయడం కష్టం, బయటికి మిగిలింది తీసేయడం తేలిక. పక్క పలకలు రెండూ ఒకే గైడు పెట్టి, రంపం కదిలించకుండా వరసగా కోయాలి. పై, కింద, బ్రేసు పలకల 174 వెడల్పు కూడా అంతే. కొలత 174 బదులు 173.5 వచ్చినా ఫరవాలేదు, అన్నీ ఒకేలా ఉండటం ముఖ్యం.

బ్రేసు ఎక్కడ పెడుతున్నారో చెప్పలేదు. వూఫర్ కేంద్రం కింది నుంచి 125 మి.మీ., కోత వ్యాసం 146 అనుకుంటే ఆ బెజ్జం 198 దగ్గర ముగుస్తుంది. ట్వీటర్ కేంద్రం 265, కోత 76 అయితే అది 227 దగ్గర మొదలవుతుంది. మధ్యలో 29 మి.మీ. ఉంది. 18 మి.మీ. బ్రేసు అక్కడ, 203 నుంచి 221 మధ్య, అడ్డంగా కూర్చుంటుంది. 174 × 254 పలకకు లోపల కిటికీల్లా కోసి 60 శాతం వైశాల్యం తీసేస్తే అది మింగేది 0.32 లీటర్లే. నాలుగు పలకలనూ పట్టుకుంటుంది, ఎక్కువ ఒత్తిడి పడే ముందు పలకను వెనక పలకకు కట్టేస్తుంది. లోపలి ఎత్తులో ఇది సరిగ్గా సగంలో లేదు, అదీ మంచిదే. రెండు అర్ధభాగాలూ ఒకే స్వరంలో మోగవు.

అంటించేటప్పుడు ముందు రెండు పక్కలు, పై, కింద, బ్రేసు కలిపి చట్రం చేయండి. మూలమట్టం పెట్టి చూడటం కన్నా రెండు కర్ణాలు కొలవడం నమ్మకం. రెండూ 1 మి.మీ. లోపు సమానంగా ఉండాలి. తేడా ఉంటే పొడవున్న కర్ణం దిక్కున ఒక క్లాంపు అడ్డంగా బిగించండి. క్లాంపులు 15 సెం.మీ.కు ఒకటి. ఎండీఎఫ్ అంచుకు జిగురు రెండుసార్లు రాయాలి: మొదటిది పల్చగా, 5 నిమిషాల్లో పీల్చుకున్నాక రెండోది. ఒకసారే రాస్తే అంచు అంతా తాగేసి అతుకు ఎండిపోతుంది, తర్వాత గట్టిగా తడితే విడిపోతుంది. బయటికి కారిన జిగురును తడిగుడ్డతో తుడవకండి. నీళ్లు పోయడమే అవుతుంది. అరగంట తర్వాత రబ్బరులా ఉన్నప్పుడు ఉలితో గీకేయండి.

అతుకులకు స్క్రూలు అక్కర్లేదు. అంచులోకి బెజ్జం లేకుండా స్క్రూ తోస్తే ఎండీఎఫ్ పొరలుగా చీలి పొంగుతుంది, ఆ పొంగు వినీర్ మీద తేలుతుంది.

తీగమోత:

ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. బ్రేసు ట్వీటర్, వూఫర్ మధ్యకు మారుస్తాను, పలకలు పెంచి కోస్తాను. మూలకోత వదిలేశాను. ఒక్క సందేహం: అతుకులు సమం చేశాక ఆ 18 మి.మీ. గీత మీద ఇంకేమైనా పూయాలా, నేరుగా వినీర్ వేయవచ్చా?

పలచచెక్క:

దానికీ, మీ రెండో, నాలుగో ప్రశ్నలకూ కలిపి చెబుతాను.

ముందు అతుకు. అక్కడ గుంటలు, చిప్పలు ఉంటే కార్ల డెంటింగ్‌కు వాడే రెండు భాగాల పాలిస్టర్ లప్పం పెట్టండి. నీళ్లతో కలిపే లప్పం వద్దు, ఆరాక కుంగుతుంది. సమం చేశాక పెట్టె అంతా 120 నంబరు సాండ్‌పేపర్‌ను చెక్క దిమ్మకు చుట్టి రుద్దండి. ఎండీఎఫ్ ముఖం ఫ్యాక్టరీ నుంచి మెరుగుతో వస్తుంది, ఆ మెరుగు పోతేనే జిగురు పడుతుంది. చేత్తో సాండ్‌పేపర్ పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రబడతాయి. వినీర్ లేచిపోవడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. దిమ్మ తప్పనిసరి.

పలకల అంచు కనబడే చోట్లకు, అంటే ముందు వెనకల 18 మి.మీ. పట్టీలకూ గుండ్రం చేసిన వంపుకూ, జిగురులో అంతే నీళ్లు కలిపి ఒక పూత పూసి రోజంతా ఆరనివ్వండి. తర్వాత 150తో తేలికగా రుద్దండి. లేకపోతే అసలు జిగురును ఆ భాగం తాగేసి, ఇస్త్రీ చేసేటప్పుడు కరగడానికి అక్కడ ఏమీ మిగలదు.

పచ్చి వినీర్‌కు రబ్బరు జిగురు వద్దు. అది ఎండాకా మెత్తగా సాగుతూనే ఉంటుంది. వినీర్ అడ్డంగా కాలానికొకసారి వ్యాకోచించి ముడుచుకుంటుంటే పట్టి ఆపలేదు. ఏడాది రెండేళ్లలో నార వెంట సన్నటి పగుళ్లు వస్తాయి. పైగా టేకు రంధ్రాల్లోంచి లాకర్ థిన్నర్ లోపలికి దిగి ఆ జిగురును మెత్తబరుస్తుంది, బుడగలు లేస్తాయి. వెనక కాగితం ఉన్న వినీర్‌కు, రెండు పొరల వినీర్‌కు రబ్బరు జిగురు బాగానే పనిచేస్తుంది. మీది పచ్చిది కాబట్టి తెల్ల జిగురు, ఇస్త్రీ.

ఎంత కావాలి? మీ పెట్టె ఒక్కోదాని ఉపరితలం 0.5 చదరపు మీటరు, జతకు 1. చారలు కలుపుకోవడానికి, అంచు వదలడానికి పోయేది కలిపి 1.4 చదరపు మీటర్ల వినీర్ తీసుకోండి. ఒకే దుంగ నుంచి వరసగా తీసిన ఆకులే అడగండి, లేకపోతే రెండు పెట్టెలూ రెండు రంగుల్లో తేలతాయి. జిగురు 600 గ్రాములు సరిపోతుంది.

టేకులో నూనె ఉంటుంది. జిగురు రాసే వైపు అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు వేయండి. తుడిచి మర్నాటికి వదిలేస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది.

ఎండీఎఫ్‌కు రెండు పల్చటి పూతలు, వినీర్‌కు ఒకటి. స్పాంజి రోలర్‌తో వేయండి. బ్రష్షు గీతలు గీతలుగానే ఎండి, ఆ గీతలు పైకి తేలతాయి. వినీర్‌కు జిగురు తగలగానే చాపలా చుట్టుకుపోతుంది. కంగారు పడకుండా రెండో వైపు స్ప్రేతో నీళ్ల తుంపర కొట్టండి. రెండు వైపులా తడి సమానమైతే మళ్లీ చదునవుతుంది. జిగురు తెల్లదనం పోయి గాజులా తేటపడి, వేలు పెడితే అంటకుండా ఉండాలి. వాతావరణాన్ని బట్టి 30 నుంచి 60 నిమిషాలు. ఆ రోజే ఇస్త్రీ చేసేయాలి. రోజులు గడిచేకొద్దీ జిగురు బిగిసి కరగడం తగ్గుతుంది. వాటర్‌ప్రూఫ్ రకం తెల్ల జిగుర్లలో ఈ బిగుసుకోవడం ఇంకా ఎక్కువ, మామూలు రకమే తీసుకోండి.

ఇస్త్రీపెట్టెలో నీళ్లు ఉండకూడదు, ఆవిరి ఆపేయాలి. కాటన్ వేడి. మధ్యలో బ్రౌన్ పేపర్ వేసి పలక మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా నడపండి. ఇక్కడ చాలామంది పొరబడేది: అంటుకునేది వేడి వల్ల కాదు, చల్లారేటప్పుడు. ఇస్త్రీపెట్టె ముందుకు జరగగానే దాని వెనకే ఇంకో చేత్తో నున్నటి చెక్క దిమ్మ పెట్టి చల్లబడేదాకా అదిమి పట్టాలి. ఇస్త్రీ తీసేసి వదిలితే కరిగిన జిగురు మీదే వినీర్ లేచి, లేచినట్టే గట్టిపడుతుంది.

ఇంకో ఇబ్బంది, వేడికి వినీర్ ఎండి ముడుచుకుంటుంది. రెండు ఆకులు పక్కపక్కన అతికి ఉంటే మధ్యలో సందు తెరుచుకుంటుంది. అందుకే జిగురు వేయకముందే వినీర్‌ను ఒకసారి ఒట్టి ఇస్త్రీ చేసి ముడుచుకోవాల్సినంత ముడుచుకోనివ్వండి. ఆ తర్వాతే అంచులు నిటారుగా కోసి ఆకులను కలపండి. రెండు తిన్నటి పలకల మధ్య రెండు ఆకులనూ ఇరికించి, బయటికి వచ్చిన అర మి.మీ. చిత్రికతో గానీ సాండ్‌పేపర్ దిమ్మతో గానీ తీస్తే అతుకు వెతికినా దొరకదు. కలిపాక మంచివైపు వినీర్ టేపు వేయండి. తడిపితే అంటుకునే పల్చటి కాగితం టేపు అది. మాస్కింగ్ టేపు జిగురు ఇస్త్రీ వేడికి చెక్కలోకి దిగుతుంది.

12 మి.మీ. వంపు సంగతి. నార నిలువుగా ఉంటే నిలువు అంచు చుట్టూ 0.6 వినీర్ చాప చుట్టినంత తేలికగా తిరుగుతుంది. నార అడ్డంగా ఉంటే విరుగుతుంది, ఎంత తడిపినా సరే. మీ ప్లానులో ముందు పలకకు, పక్కలకు నార నిలువే కదా, నిశ్చింతగా చేయండి. మీ 12 మి.మీ. ఎంపిక ఇంకో రకంగానూ కలిసొచ్చింది. అతుకు 18 మి.మీ. దగ్గరుంది, వంపు 12 దగ్గరే అయిపోతుంది, అంటే అతుకు చదును మీద పడింది. వ్యాసార్ధం 18 దాటితే అతుకు వంపు మధ్యలోకి వస్తుంది, దాన్ని సమం చేయడం నరకం.

పక్క, ముందు, పక్క మూడూ ఒకే చుట్టలో వేయాలంటే 290 + 210 + 290 = 790. ఒక్కో వంపు దగ్గర 5 మి.మీ. ఆదా అవుతుంది కాబట్టి 780. అంచుకు 15 చొప్పున కలిపి 810 మి.మీ. వెడల్పు కావాలి. ఒక్క ఆకు అంత రాదు. మూడు నాలుగు ఆకులు కలపాలి. కలిపిన గీతలు పక్క ముఖాల మీద పడాలి గానీ వంపు మీద పడకూడదు. ముందు పలక మధ్యరేఖ నుంచి ఇస్త్రీ మొదలుపెట్టి ఒక వంపు దాటి పక్కకు, తర్వాత రెండో వైపుకు వెళ్లండి. వంపు మీద ఇస్త్రీపెట్టెను అడ్డంగా కాకుండా నిలువుగా, పై నుంచి కిందికి నడపాలి.

వరస: వెనక, కింద, ఆ తర్వాత ఈ చుట్ట, చివరికి పైది. చివర వేసిన ముక్క అంచు ముందు వేసినదాన్ని కప్పుతుంది, అందుకే ఎదురుగా కనబడే ముఖాలు చివర రావాలి. ఒక్కో ముఖం అయ్యాక మిగిలిన అంచును కొత్త బ్లేడుతో పెట్టె ఆనుకుని కోసి, 150 దిమ్మతో చివర తీయండి. దిమ్మను ఎప్పుడూ వినీర్ ముఖం నుంచి కిందికే తోయాలి. కింది నుంచి పైకి లాగితే చీలిక లేస్తుంది. అయిపోయాక గోటితో మొత్తం తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట మళ్లీ ఇస్త్రీ. అయినా లేస్తుంటే నార వెంట బ్లేడుతో సన్నగా గీసి, సిరంజితో చుక్క జిగురు ఎక్కించి, తడి తుడిచి, ఇస్త్రీ చేసి దిమ్మ పెట్టండి.

బెజ్జాలు మాత్రం వినీర్ వేశాకే కోయమని నా సలహా. కొత్త బిట్టుతో కోస్తే అంచు కత్తిలా వస్తుంది.

గాలిపెట్టె:

బెజ్జాల విషయంలో పలచచెక్క గారితో సగమే ఒప్పుకుంటాను. ట్వీటర్‌కు సరే, వూఫర్‌కు కుదరదు.

18 మి.మీ. పలకలో 146 మి.మీ. బెజ్జం అంటే వూఫర్ వెనక గాలికి అది ఒక చిన్న సొరంగం. వూఫర్ బుట్ట కాళ్ల మధ్య కిటికీలు ఆ గోడకు ఆనుకుని ఊపిరాడకుండా అవుతాయి. అందుకే బెజ్జం లోపలి వైపు అంచును 45 డిగ్రీలకు, 10 మి.మీ. లోతు దాకా చెక్కేయాలి. స్క్రూలు పడే నాలుగు చోట్ల మాత్రం 25 మి.మీ. మేర చెక్కకుండా వదలాలి, లేకపోతే స్క్రూకు పట్టు దొరకదు. ఈ పని పెట్టె మూసేశాక చేయలేరు. కాబట్టి వూఫర్ మెట్టు (దాని చట్రం పలకతో సమంగా కూర్చోవడానికి కోసే పల్లం), బెజ్జం, లోపలి ఏటవాలు మూడూ పలక విడిగా ఉన్నప్పుడే అయిపోవాలి.

వరసలో ఒక్క తప్పు చేస్తే పలక పారేయాల్సిందే: ముందు మెట్టు, తర్వాతే బెజ్జం. వృత్తాల జిగ్గు తిరిగేది కేంద్రంలో దిగ్గొట్టిన పిన్ను మీద. బెజ్జం ముందు కోస్తే కేంద్రం ఉన్న చెక్క ఊడి చేతికొస్తుంది, ఇక మెట్టు ఎక్కడ కోస్తారు? 165 మి.మీ. వూఫర్ చట్రానికి మెట్టు వ్యాసం 166. లోతు లెక్క ఇలా: చట్రం మందం 4, నలిగాక గాస్కెట్ 0.5, మొత్తం 4.5. తర్వాత వినీర్ 0.6 పైకి పెంచుతుంది కాబట్టి ఎండీఎఫ్‌లో 3.9 కోయాలి. ఈ 0.6 మరిచిపోతే డ్రైవర్ గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది. ముందుగా వృథా ముక్కలో కోసి మీ డ్రైవర్నే పెట్టి చూడండి. కంపెనీ కాగితం మీది కొలతకూ చేతిలో ఉన్నదానికీ అర మి.మీ. తేడా మామూలే.

వినీర్ వేశాక వూఫర్ మీది మూతను మధ్య నుంచి అంచుకు పది పన్నెండు ముక్కలుగా చీల్చి, మెట్టు గోడకు 3 మి.మీ. వదిలి కోయండి. మిగిలినది 150 సాండ్‌పేపర్ చుట్టిన గుండ్రటి కర్రతో పై నుంచి కిందికి. ఆ అంచు చుట్టూ 20 మి.మీ. మేర రెండోసారి ఇస్త్రీ, దిమ్మ తప్పవు.

ట్వీటర్‌కు ఈ బాధ లేదు. దాని కేంద్రాన్ని పలక రెండు అంచుల నుంచి కొలిచి రాసిపెట్టుకుని, వినీర్ వేశాక మళ్లీ గుర్తించండి. మెట్టు చుట్టుకొలతను ముందు బ్లేడుతో గట్టిగా గీయాలి. తర్వాత కిందికి కోసే స్పైరల్ బిట్టుతో ఒక్కోసారి 1.5 మి.మీ. మించకుండా దిగండి. గీయకుండా రౌటర్ పెడితే నారకు అడ్డం వచ్చే రెండు చోట్ల పెచ్చులు లేస్తాయి.

డ్రైవర్ స్క్రూలను నేరుగా ఎండీఎఫ్‌లో దిగ్గొడితే రెండు మూడుసార్లు విప్పేసరికి పిండైపోతుంది. క్రాసోవర్ సరిచేయడానికి వూఫర్‌ను కనీసం పదిసార్లు విప్పుతారు. ఎం4 మర ఇన్సర్టులు (లోపల మర ఉన్న లోహపు గొట్టాలు) పెట్టండి. అవి దొరక్కపోతే స్క్రూ ఒకసారి దింపి తీసి, ఆ బెజ్జంలో పల్చటి సూపర్‌గ్లూ రెండు చుక్కలు వేసి పూర్తిగా గట్టిపడ్డాకే మళ్లీ దింపండి.

పోర్టు లెక్క సరిపోయింది. గాలి హోరు తగ్గడానికి గొట్టాన్ని 65కు పెంచుదామని అనిపించవచ్చు, కానీ అదే ట్యూనింగ్‌కు 30 సెం.మీ. పొడవు అడుగుతుంది. మీ లోపలి లోతు 25.4 మాత్రమే. 50 దగ్గరే ఉండి, రెండు చివరలకూ గంటలా విచ్చుకునే అంచు పెట్టండి. అప్పుడు పొడవును 10 మి.మీ. ఎక్కువ ఉంచి, ఇంపిడెన్స్ (స్పీకర్ విద్యుత్ నిరోధం) కొలిచి, ఆ గ్రాఫులో రెండు గుట్టల మధ్య పల్లం 45 దగ్గరకు వచ్చేదాకా కొంచెం కొంచెంగా కోయండి. గొట్టం పెట్టె లోపలికి 15 సెం.మీ. పైగా వస్తుంది. వూఫర్ మాగ్నెట్ వెనక కాకుండా ట్వీటర్ వెనక, బ్రేసుకు పైన పెడితే నోటి ముందు 10 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో దూది పెట్టకండి. 25 మి.మీ. పాలిస్టర్ దూది గోడలకు అంటించండి, ముఖ్యంగా పైకప్పుకూ అడుక్కూ. 344 మి.మీ. ఎత్తులో గాలి 500 హెర్ట్జ్ దగ్గర నిలువు తరంగంగా ఊగుతుంది, అది ఎక్కువగా నొక్కుకునేది ఆ రెండు చివరల్లోనే. పెట్టెను నింపేస్తే పోర్టు ఊపిరి ఆగిపోతుంది.

అతుకుల లోపల మూలమూలకూ తెల్ల జిగురో యాక్రిలిక్ సీలెంటో వేలితో పూయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. అది గట్టిపడేటప్పుడు వదిలే ఆమ్లం రాగి తీగెలను, డ్రైవర్ తోక వైర్లను తింటుంది. అన్నీ బిగించాక 40 హెర్ట్జ్ శబ్దం మోస్తరుగా పెట్టి, అతుకుల వెంట, టెర్మినల్ (వైర్లు తగిలించే పలక) చుట్టూ తడి వేలు నడపండి. ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ గాలి కారుతోంది. చాలాసార్లు దొంగ టెర్మినల్ పలకే, గాస్కెట్ లేకుండా బిగించి ఉంటారు.

తీగమోత:

చాలా స్పష్టమైంది. అయితే వరస ఇలా పెట్టుకుంటున్నాను: పలకలు కోత, వూఫర్ మెట్టు, బెజ్జం, లోపలి ఏటవాలు, చట్రం, మూతలు అంటించి రెండు వారాల విరామం, ట్రిమ్, గుండ్రం, లప్పం, వినీర్, ట్వీటర్ కోత, ఫినిష్. పోర్టు, టెర్మినల్ బెజ్జాలు కూడా వెనక పలకలో మొదటే కోసేస్తాను. ఫినిష్‌కు టేకు మీద ఏది మంచిది?

పలచచెక్క:

వరస బాగుంది. ఒక్క మార్పు: గుండ్రం చేసే బిట్టు బేరింగ్ పక్క పలక మీద నడుస్తుంది, కాబట్టి అక్కడ ట్రిమ్ పూర్తిగా సమం కాకపోతే వంపు ఎగుడుదిగుడు వస్తుంది. ట్రిమ్, లప్పం, సాండింగ్, ఆ తర్వాత గుండ్రం.

ఫినిష్‌కు ముందు 180, తర్వాత 240, చేత్తో, నార వెంటే. 0.6 వినీర్‌లో మీరు తీయగలిగింది 0.1 మాత్రమే అనుకోండి. కరెంటు సాండర్‌తో అంచుల దగ్గర రెండు సెకన్లు ఎక్కువ ఆగితే ఎండీఎఫ్ బయటపడుతుంది, దానికి మందు లేదు. స్పిరిట్‌తో తుడిస్తే జిగురు పైకి కారిన మచ్చలు లేతగా కనబడతాయి, వాటిని ఇప్పుడే గీకేయాలి. నూనె వేశాక చూస్తే ఆలస్యం.

నూనె, మైనం కలిసిన హార్డ్‌వ్యాక్స్ రకం రెండు పల్చటి పూతలు టేకుకు చాలా అందంగా ఉంటాయి. పూసి, 15 నిమిషాల్లో మిగులంతా తుడిచేసి, రాత్రంతా ఆరనిచ్చి రెండోది. గీత పడితే ఆ చోట మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు, పాలియురెథేన్‌లో ఆ వీలు లేదు.

మూలమట్టం:

నూనె ఫినిష్ అన్నారు కాబట్టి ఒక్కమాట, ఇది మరిచిపోకూడదు. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరే నూనె గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు లేకుండానే అంటుకుంటుంది. ఒక్కో గుడ్డను విప్పి ఆరుబయట విడిగా ఆరేయండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచండి. అసిటోన్, స్పిరిట్ వాడే రోజు ఇస్త్రీపెట్టె వేరే గదిలో ఉండాలి.

ఎండీఎఫ్ కోసేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు చాలదు. ఆ దుమ్ము పిండికన్నా మెత్తన, అందులో ఫార్మాల్డిహైడ్ రెసిన్ ఉంటుంది. ఎన్95 మాస్కు, రౌటర్‌కు వాక్యూమ్ గొట్టం, వీలైతే ఆరుబయట. గదిలో కోసి అదే గదిలో ఆ రోజే వినీర్ పెట్టకండి. గాల్లో తేలే పొడి సాయంత్రానికి జిగురు పూత మీద వాలుతుంది, ఇస్త్రీ చేసినప్పుడు ప్రతి రేణువూ చిన్న గుల్లలా తేలుతుంది.